లీటరుకు పదమూడు పాయింట్ రెండు

మొన్న ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకు మా ఇంటి ముందు ఉన్నవాళ్ళు నలుగురు: నేను, మా ఆవిడ, మా పాత కారు కొనడానికి వచ్చిన ఒక బడిపంతులు, ఆయన వెంటబెట్టుకొచ్చిన మెకానిక్. ఉన్నవి: ఎనిమిది వందల సీసీ తెల్ల పెట్రోలు కారు, దాని తాళంచెవులు రెండు, ఆర్సీ, ఇన్సూరెన్సు కాగితం, పొగ సర్టిఫికెట్టు, స్టెప్నీ, జాకీ, పానా, విరిగిన వైపరు ఒకటి, నీలం అట్ట వేసిన నోటుపుస్తకం, నాలుగడుగుల ప్లాస్టిక్ పైపు. ఇంట్లోనే ఉండి బయటికి రాని మనిషి ఒకరు: మా నాన్న. కిటికీ లోపలి కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు.

పంతులుగారు కారు చుట్టూ రెండు సార్లు తిరిగి, టైర్లను కాలితో తట్టి, ఎవరైనా అడిగే ప్రశ్నే అడిగారు. "ఎంత ఇస్తాది సార్?"

ఈ ప్రశ్నకు ఈ ఊళ్ళో నాకంటే బాగా జవాబు చెప్పగలవాడు లేడని నాకొక నమ్మకం. మన వయసువాళ్ళకు, అంటే ముప్పై అయిదు దాటి నలభై ఇంకా తాకని వాళ్ళకు, ఈ పిచ్చి ఎలాంటిదో నేను విడమరచి చెప్పనక్కరలేదు. కారులో మైలేజీ చూపించే తెర లేని రోజులవి. ఎంత ఇస్తుందో తెలుసుకోవాలంటే ట్యాంకు పూర్తిగా నింపి, మీటరు రాసుకుని, మళ్ళీ పూర్తిగా నింపి, భాగించుకోవాల్సిందే. నేను అలా పదకొండేళ్ళు రాశాను. నీలం అట్ట పుస్తకం తెచ్చి ఆయన చేతికిచ్చాను.

ఆయన లెక్కల పంతులట, అంకెలంటే భయం లేదు. మొదటి పేజీలూ చివరి పేజీలూ తిరగేసి, "చివరాఖర్న పదహారు పాయింట్ నాలుగు ఉండాది. మొదటి పది నెలలు పదమూడు పాయింట్ రెండే. ఎందుకు సార్ అంత తక్కువ?" అన్నారు.

నేను పదకొండేళ్ళుగా చెబుతున్న జవాబే చెప్పాను, గొంతు తగ్గించకుండా. అప్పుడు మా నాన్న నడిపేవాడని.

కిటికీ లోపల పేపరు పేజీ తిరిగిన చప్పుడు వినిపించింది.

మెకానిక్ నాకు కొత్తవాడు కాదు. ఈ కారుకు తొలి ఏడాది సర్వీసు చేసింది ఆయనే. తర్వాత నేనే మానుకున్నాను, ఎందుకో చెబుతాను. ఆయన డిక్కీలోంచి స్టెప్నీ బయటికి తీసి, దాని కింద చుట్టగా పడి ఉన్న పైపును పైకెత్తి, "పెట్రోలు తీసే పైపు మీ కాడ ఎందుకుండాదప్పా?" అన్నాడు. అది కారు కడిగే నీళ్ళ పైపు అన్నాను. ఆయన దాన్ని వంచబోయాడు, వంగలేదు. "నీళ్ళ పైపయితే మెత్తగుంటాది. పెట్రోలు తాగింది గాబట్టే ఇట్ల పసుపు తిరిగి కట్టె మాదిరి అయిండాది. ఈ కొసన చూడు, పంటి గాట్లు. నోటితో గుంజినారు."

నేను పుస్తకం మొదటి పేజీ తీశాను. కారు ఇంటికి వచ్చిన మూడో నెలలో అందులో ఉన్న వస్తువులన్నీ వరుసగా రాసి పెట్టుకున్న జాబితా అది. తొమ్మిదో వరుసలో నా చేతిరాతే ఉంది: పైపు, నాలుగడుగులు, ఒకటి.

ఆ కారు కథ మొదటినుంచీ చెప్పాలి. నేను డిప్లొమా మెకానికల్ చదివి, మా బళ్ళారిలోనే జీన్సు బట్టలు ఉతికే ఒక యూనిట్‌లో బాయిలర్ల పనికి చేరిన రెండో ఏడు, ఒక పాత కారు కొన్నాం. కొన్నది నేను, కావాలన్నది నాన్న. అప్పటికి ఆయన వయసు యాభై ఏడు. బజారులో బట్టల అంగడి. ముప్పై ఏళ్ళు సైకిలు, ఆ తర్వాత మోపెడ్, అంతే ఆయన ప్రయాణాలు. ఆయన నేర్చుకున్నదంతా, గజం కొలవడం దగ్గర్నుంచి కన్నడం రాయడం దాకా, అంగడి కోసమే నేర్చుకున్నాడు. తనకోసమని, ఎవరూ అడగకుండా నేర్చుకున్నది కారు నడపడమొక్కటే. డ్రైవింగు స్కూలుకు పద్దెనిమిదేళ్ళ పిల్లల మధ్య నిలబడి నెలరోజులు పోయి, లైసెన్సు వచ్చిన రోజు దాన్ని అంగడిలో గల్లాపెట్టె పైన, అందరికీ కనిపించేట్టు రెండు రోజులు పెట్టుకున్నాడు.

నేను పనికి బైకు మీద పోయేవాణ్ణి, కాబట్టి కారు నాన్న చేతిలోనే ఉండేది. పొద్దున అంగడికి, సాయంత్రం ఇంటికి. పదిహేను రోజులకొకసారి రూపనగుడి దాటి, కర్ణాటక హద్దు దాటి, ముప్పై ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఆంధ్రాలో ఉన్న మా మేనత్త ఊరికి. అత్త నాన్నకంటే ఆరేళ్ళు పెద్ద. మామ మిరప పెట్టేవాడు, చిన్న కిరాణా అంగడి కూడా ఉండేది. కారు వాళ్ళ గడప ముందు ఆగినప్పుడు అత్త మెట్టు మీద నిలబడి తమ్ముడు దిగేదాకా చూసేది. నాన్న దిగడానికి కావాలనే కొంచెం ఆలస్యం చేసేవాడని అమ్మ నవ్వేది.

ఇక్కడొక సంగతి చెప్పకపోతే ముందుకు పోలేను. హద్దుకు ఈ పక్క పెట్రోలు ధర తక్కువ, ఆ పక్క ఎక్కువ. ఇది మా ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ పక్కనుంచి పెళ్ళికో ఆసుపత్రికో వచ్చినవాళ్ళు తిరిగిపోతూ ట్యాంకు నిండా పోయించుకుని పోతారు, ఇక్కడి చుట్టాలు ఆ పక్కకు పోయేటప్పుడు పండ్లు తీసుకుపోయినట్టే పెట్రోలు కూడా తీసుకుపోతారు. బంకులో డబ్బాకు పోయరు, కనుక బండి ట్యాంకే డబ్బా. ఇదంతా నాకు తెలుసు. తెలిసినదాన్ని పక్కవాళ్ళ ఇళ్ళల్లో జరిగేదని అనుకున్నాను, అదే నా తప్పు.

మూడో నెలనుంచి పుస్తకం మొదలుపెట్టాను. నాన్న చేత కూడా రాయించాను. ఎక్కిన ప్రతిసారీ మీటరు ఎంతుందో, దిగినప్పుడు ఎంతుందో, ఎక్కడికి పోయాడో. అంగడి చిట్టాలు రాసిన చెయ్యి కాబట్టి ఆయన ఒక్క రోజు కూడా తప్పలేదు. అంగడి, అంగడి, అంగడి, అక్క ఊరు, అంగడి. ట్యాంకు నింపడం మాత్రం నా చేతుల్లో పెట్టుకున్నాను. నాజిల్ తనంతట తాను క్లిక్కుమని ఆగగానే చాలనేవాణ్ణి, బంకులో మనిషి రూపాయలు సరిచేయడానికి ఇంకొంచెం పోయబోతే చెయ్యి అడ్డం పెట్టేవాణ్ణి. ఎప్పుడూ ఒకే బంకు, ఒకే పంపు.

మొదటిసారి లెక్క వేస్తే పన్నెండు పాయింట్ తొమ్మిది వచ్చింది. కంపెనీవాళ్ళ పుస్తకంలో ఇరవై దాటి ఉంది. కంపెనీ అంకె రోడ్డు మీద రాదని నాకూ తెలుసు. గాలి లేని గదిలో, ఖాళీ బండికి, సమంగా తిరిగే రోలర్ల మీద తీసిన అంకె అది. ఖనిజం లారీల వెనక, గుంటల్లో, నలభై డిగ్రీల ఎండలో అది రాదు. కానీ పదిహేడు రావాలి, పదహారైనా రావాలి. పదమూడు ఎందుకొస్తుంది?

ఆ పది నెలలూ నేను పడ్డ చిరాకు ఇప్పటికీ పళ్ళ కింద రాయిలా గుర్తుంది. నాలుగు టైర్ల గాలి వారం వారం కొలిచాను. ప్లగ్గులు మార్చాను. గాలి ఫిల్టరు మార్చాను. ఇంజెక్టర్లు కడిగించాను. బ్రేకులు పట్టేస్తున్నాయేమోనని చక్రాలు లేపి చేత్తో తిప్పి చూశాను. పెట్రోలు కారుతుందేమోనని కారు కింద తెల్ల కాగితం పరచి పొద్దున లేచి చూశాను, మచ్చ లేదు. మెకానిక్ దగ్గరికి మూడోసారి తీసుకుపోయినప్పుడు ఆయన చేతులు తుడుచుకుంటూ, "ఇంజన్ బరాబర్ ఉండాదప్పా. నువ్వు బండిని చూసింది సాకు, నీ పుస్తకం చూస్కో ఒకసారి" అన్నాడు. సాకు అంటే మా బళ్ళారి మాటల్లో చాలు. సర్టిఫికెట్టు లేనివాడు నా లెక్కను తప్పుపట్టాడని నాకు కోపం వచ్చింది. ఆయన దగ్గరికి పోవడం మానేశాను.

యూనిట్‌లో నా పని ఏమిటో చెబితే మీకు నవ్వొస్తుంది. బాయిలరులోకి పోయిన నీళ్ళు, బయటికి వచ్చిన ఆవిరి, రెండూ సరిపోతున్నాయా లేదా చూడడం. సరిపోకపోతే మొదట చేసే పని, బాయిలరు నడిపేవాణ్ణి తిట్టడం కాదు, దారిలో ఎక్కడ పోతోందో వెతకడం. ఈ మాట కొత్తగా చేరినవాళ్ళకు నేనే చెప్పేవాణ్ణి. ఇంటికి వచ్చి మాత్రం నాన్న పక్క సీట్లో కూర్చుని ఆయన తప్పులు రాసుకున్నాను.

తొమ్మిది తప్పులు రాశాను. క్లచ్ మీద కాలు పెట్టుకునే ఉంటాడు. నలభై అయిదుకే టాప్ గేరు వేస్తాడు, ఇంజిను మూలుగుతుంది. ఫ్లైఓవరు దిగేటప్పుడు న్యూట్రల్ చేస్తాడు. ఇంజెక్షను ఇంజిన్లకు అది మిగులు కాదని, గేరులో ఉంచి కాలు తీస్తేనే పెట్రోలు ఆగుతుందని ఎన్నిసార్లు చెప్పినా వినడు. రైలు గేటు పడితే ఇంజిను ఆపేస్తాడు, మళ్ళీ మళ్ళీ స్టార్టు చేస్తాడు. వంద గజాల ముందే బర్రెను చూసి కాలు తీసేస్తాడు, బండి నత్తలా పాకుతుంది. మిగిలినవి కూడా ఇలాంటివే. నేను చదివి వినిపిస్తే, "బండి పోతాండాది గదప్పా. ఎవురినీ గుద్దలేదు గదా" అనేవాడు. అంతకు మించి ఒక్క మాట లేదు. ఆ మౌనం నన్ను ఇంకా రెచ్చగొట్టేది. తప్పు తెలుసు కాబట్టే మాట్లాడడం లేదనుకున్నాను.

ఆఖరికి ఒక ట్యాంకు నేనే నడిపి చూశాను. రెండు వారాలు బైకు పక్కనపెట్టి, పనికీ, సెలవు రోజున హగరి స్టేషను దాకా పోయి రావడానికీ నేనే నడిపాను. పదహారు పాయింట్ ఆరు వచ్చింది. అదే బండి, అదే బంకు, అదే గాలి. మారింది డ్రైవరొక్కడే. ఇంతకంటే రుజువు ఏం కావాలి?

ఆ వచ్చే ఆదివారం హాల్లో ఉన్నవాళ్ళు: నాన్న, అమ్మ, నేను, అంగడికి సరుకు తీసుకోవడానికి బళ్ళారి వచ్చిన మామ. బల్లమీద నాలుగు కాఫీలు, నీలం పుస్తకం, నేను గీసిన గ్రాఫు. మామ ఉన్నాడని నేను ఆగి ఉండాల్సింది. కానీ పెద్దమనిషి ఎదురుగా ఉంటే నాన్న వింటాడని అనుకున్నాను. గ్రాఫు ఆయన ముందు పెట్టి, "మూడు లీటర్లు పోస్తే దాంట్లో అర లీటరు పైనే నీ కాలి కింద పోతాంది నాన్నా. నీకు నడిపేది రాదు. వయసయిపోయినాక నేర్చుకుంటే ఇట్లే అవుతాది" అన్నాను.

నాన్న మామ వైపు ఒకసారి చూశాడు. మామ కాఫీ గ్లాసులోకి చూస్తున్నాడు. ఇంట్లో గొడవ చూడలేక ఇబ్బంది పడుతున్నాడనుకున్నాను. నాన్న లేచి, చొక్కా జేబులోంచి తాళంచెవి తీసి పుస్తకం మీద పెట్టాడు. "సరేలే, ఇంకమీద నువ్వే నడుపు" అన్నాడు. కోపం లేదు గొంతులో. మామ కాఫీ సగం వదిలేసి బస్సుకు టైమైందని లేచాడు. అమ్మ, "ఏమి సాధించినావు ఇప్పుడు?" అంది నాతో.

సాధించింది పుస్తకంలో కనిపించింది. మరుసటి నెలనుంచే పదహారు పాయింట్ రెండు, పదహారు పాయింట్ అయిదు, పదహారు పాయింట్ నాలుగు. నేను గెలిచాను. ఆ వరుస కింద ఎర్ర గీత గీసుకున్నాను కూడా.

నాన్న మళ్ళీ ఆ సీట్లో కూర్చోలేదు. నేను ఒకటి రెండు సార్లు పోనీలే నడుపు అన్నాను, "సుమ్మనే, ఊరికే పెట్రోలు ఖర్చు" అని ఆటో ఎక్కాడు. అక్క ఊరికి రెండు బస్సులు మారి పోయేవాడు. పదిహేను రోజులకొకసారి పోయేది రెండు నెలలకొకసారి, ఆ తర్వాత పండగకో పబ్బానికో అయింది. దానికి కారణం ఆయన మోకాళ్ళని, బస్సులని, వయసని అందరం అనుకున్నాం. నేనూ అదే అన్నాను.

మొన్న ఆదివారానికి వస్తాను. పంతులుగారు బయానా ఇచ్చి, పైపు మాత్రం వద్దని నా చేతిలోనే పెట్టి వెళ్ళారు. దాన్ని పట్టుకుని లోపలికి పోయి నాన్న ముందు నిలబడ్డాను. ఇదేమిటని అడిగాను.

నాన్న కళ్ళద్దాల మీదుగా చూసి, "మీ మామ పైపు" అన్నాడు, గొడుగు ఎవరిదో చెప్పినంత మామూలుగా.

"దేనికి?"

"చేనుకు మందు కొట్టే మిషన్‌కు పెట్రోలు గావాల గదా. ఆయన మోపెడ్‌కు ఇంత. ఆ పక్క రేటు యాడుండాది?"

ఇంకెవరైనా అయితే ఆ చోట వేరే మాట ఏదైనా అడిగేవాళ్ళు. నేను ఎన్ని లీటర్లని అడిగాను.

"వంటనూనె డబ్బాకు. నాలుగు పట్టేది."

"పోయిన ప్రతిసారా?"

"చెయ్యూపుకుంటా పోతామా అక్క ఇంటికి?"

నాకు చెప్పడానికి ఏమైందని అడిగాను. గొంతు పెరిగింది, ఒప్పుకుంటాను. ఇన్నేళ్ళ తర్వాత కూడా మొదట వచ్చింది కోపమే, ఒక్క మాట చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేదా అని. నాన్న పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మీ మామ వద్దనె. పిల్లోడు ప్రతిదీ పుస్తకంలో రాస్తాడు, నా పేరు దాంట్లో ఎక్కుతాది, అది నాకొద్దు బామ్మర్దీ అనె. అంత మనిషి నోరు తెరిచి అడిగినాక ఎట్ల చెప్పేది?"

"తాళంచెవి పెట్టేసిన పొద్దన్నా చెప్పుండచ్చు గదా నాన్నా."

"ఆ పొద్దు ఆయన ఎదురుగ్గానే కూర్చోనుండె గదప్పా."

కొత్త కారు వచ్చే వారం వస్తుంది. అది నువ్వు నడుపు అన్నాను. నిజంగానే అన్నాను. ఆయన మళ్ళీ పేపరు విప్పుకుంటూ, "లైసెన్సు అయిపోయి ఆరేళ్ళాయె. నడిపింది సాకులే" అన్నాడు.

కొత్త కారుకు తెర ఉంది. కిలోమీటరు కిలోమీటరుకూ ఎంత ఇస్తోందో అదే చూపిస్తుందట. పుస్తకం అక్కరలేదు, బంకులో నాజిలుకు చెయ్యి అడ్డం పెట్టక్కరలేదు, ఎవరి చేతా మీటరు రాయించక్కరలేదు. మామ ఇప్పుడు బ్యాటరీ మిషనుతో మందు కొడుతున్నాడు, ఆయనకు పెట్రోలు అక్కరలేదు. హద్దు దాటి చుట్టాలింటికి పోయేవాళ్ళు డబ్బా నింపడం కూడా తగ్గింది, ఫోను చేసి బాగున్నారా అంటున్నారు. లెక్కలన్నీ సులువయ్యాయి. లెక్కలో పట్టని నాలుగు లీటర్లను మోసుకుపోయే మనుషులు తక్కువయ్యారు, ఉన్న ఒకాయన్ని నేనే ఆటో ఎక్కించాను.

ఆ మధ్యాహ్నం నీలం పుస్తకంలో ఆ పది నెలల పేజీలు మళ్ళీ తీశాను. నాన్న రాసిన 'అక్క ఊరు' అనే మాటను వేలుపెట్టి లెక్కపెట్టాను. ఇరవై రెండు సార్లు ఉంది. ఒక్క కిలోమీటరు కూడా తప్పు రాయలేదు. మొత్తం తిరిగింది 4,284 కిలోమీటర్లు. పోయించింది 324 లీటర్లు. సారికి నాలుగు చొప్పున మామ డబ్బాలోకి పోయింది 88. ఇంజిను తాగింది 236. నాలుగు కాదు, మూడున్నరే అనుకున్నా పదిహేడు దాటుతుంది. అత్త ఊరికి పోయే ఖాళీ రోడ్డు కలిసింది కాబట్టి కొంత ఎక్కువ రావచ్చు, అదీ రాసుకున్నాను. ఎర్ర గీత కొట్టేసి, 13.2 కొట్టేసి, పక్కన రాశాను.

నేను: లీటరుకు 16.4.

నాన్న: లీటరుకు 18.15.